కుట్టులో పోయిన అంకె

మంగళవారం పదకొండింటికి విశ్వనాథ్ వచ్చి వసుమతి బల్ల పక్కన నిలబడి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆయన అట్లా వచ్చి నిలబడ్డాడంటే మంచి కబురు కాదని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. మంచి కబురైతే తన అద్దాల గదిలోంచే కేకేసి చెప్తాడు.

వారం మొదలై రెండు రోజులు కాలేదు, ఆమె పేరు కింద పదిహేడు తప్పులు పడ్డాయట. వారానికి పది దాటితే ఆ పనిలో ఉంచరు. శుక్రవారం మధ్యాహ్నం లిస్టు పైవాళ్ళకు పోతుంది, పోయాక ఆయన చేతిలో ఏమీ ఉండదు. గచ్చిబౌలిలో ఇంకో పని ఉందిగానీ అది సాయంత్రం మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. ఆమెకు కుదరదని ఆయనకూ తెలుసు. ఇదంతా ఆయన ఆమె మొహం చూడకుండా కీబోర్డును చూస్తూ చెప్పాడు.

"ఎనిమిది నెలలల్ల మీకు నాలుగు తప్పులు గూడ లేవు మేడం. ఇప్పుడేమైంది? కండ్లు జర చూపిచ్చుకోన్రి," అన్నాడు.

కండ్లు! వసుమతికి అరికాలి మంట నెత్తికెక్కింది. యాభై ఆరేళ్ళు వచ్చినా సూదిలో దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కించే మనిషి. అయినా నోరు తెరిస్తే ఏడుపొస్తుందని భయం. ఈ సీటు పోతే ఆమెకు తిండికి లోటేం రాదు, ఒక్క పొట్ట ఎట్లాగైనా గడుస్తుంది. గడవనిది పగలు. నాంపల్లిలో ఆమె కిరాయి గదుల్లో ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. కొన్ని ఆదివారాలు సాయంత్రం పాలపాకెట్‌కని దిగి నోరు తెరిస్తే, పొద్దుటి నుంచి వాడని గొంతు జీరగా వచ్చేది. దుకాణంవాడు జలుబా అమ్మా అని అడిగేవాడు. ఔనని చెప్పి వచ్చేసేది.

ఆ ఆఫీసు అబిడ్స్‌లో ఒక చెప్పుల షాపు మీద రెండో అంతస్తు. పన్నెండు కంప్యూటర్లు, రెండు ఏసీలు, ఒక ఏసీ కింద నీళ్ళు కారే బకెట్టు. పనేమో ఎక్కడిదో. ఉత్తరాన, ఏడాదిలో ఆర్నెల్లు మంచు కప్పుకుని ఉండే పెద్ద అడవి ఒకటి. ఆ అడవిలో ఒక వాగు ఒడ్డున చిన్న పరిశీలన కేంద్రం. అక్కడ ఒకే ఒక మనిషి నలభై రెండేళ్ళ పాటు, 1974 నుంచి, మంచు ఎన్ని అంగుళాలుంది, వాగు ఎంత ఎత్తున పారుతోంది, నేలలో తడి ఎంత అని రోజూ చేత్తో రాసుకుంటూ పోయాడు. ఆ పుస్తకాలకు ఫొటోలు తీసి ఇక్కడికి పంపారు. ఫొటోలోని అంకెలను వీళ్ళు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, అంతే. ఆ అడవి ఎందుకు, ఆ నీళ్ళ లెక్క ఎవరికి అని అడిగేవాళ్ళు లేరు.

ఒకే పేజీని ఇద్దరు, ఒకరిది ఒకరు చూడకుండా కొట్టాలి. ఇద్దరి అంకె ఒకటే అయితే గడి పచ్చబడుతుంది. తేడా వస్తే ఎర్రబడి విశ్వనాథ్ ముందుకు పోతుంది. ఎవరిది ఒప్పో ఆయన తేలుస్తాడు. ఓడినవాళ్ళకు ఒక తప్పు. వసుమతికి జోడీ హైందవి. తాతలనాడు గుంటూరు వైపు నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం, ఇరవై ఏడేళ్ళ పిల్ల. పొద్దున ఏడింటికల్లా గ్రూప్ పరీక్షల కోచింగ్, అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసు. ఆ పగటి డ్యూటీ ఉంది గనుకే చదువు సాగుతోంది.

విశ్వనాథ్ వెళ్ళాక వసుమతి ఎర్ర గళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూసింది. పదిహేడూ ఒకే రకం. ఆ పుస్తకాల్లో ఏడాది చివర ఒక పేజీ ఉంటుంది. మంచు పూర్తిగా కరిగిన రోజు, వాగు నిండుగా పొంగిన రోజు, చెట్లు చిగురేసిన రోజు. నెల పేరు ముందే అచ్చయి ఉంటుంది, ఆ మనిషి తేదీ మటుకు రాస్తాడు. ఆ గడి సరిగ్గా పుస్తకం కుట్టు పక్కన పడుతుంది. ఫొటోలో కుట్టు మడతలో అంకెలు సగం మునిగి కనిపిస్తాయి. 2004లో ఏప్రిల్ దగ్గర 9 ఉంది. వసుమతి 9 కొట్టింది. హైందవి 29 కొట్టింది, ముందున్న రెండు కుట్టులో పోయిందని. పై ఏళ్ళన్నీ 27, 30, 28 అని ఉన్నాయి కదా. విశ్వనాథ్ కూడా అట్లాగే అనుకుని 29కే ఓటేశాడు.

కానీ అది 9. వసుమతికి అది నూటికి నూరుపాళ్ళు తెలుసు. ఎందుకు తెలుసంటే, ఆమె చెయ్యకూడని పని ఒకటి చేస్తోంది.

పేజీకి కుడి చివర 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉంటుంది. దాన్ని కొట్టనక్కర్లేదు, చదవనక్కర్లేదు. మొదటి ఆరు నెలలు ఆమె కన్ను అటు పోనేలేదు. ఒక రోజు భోజనం గంటలో డబ్బా మూత తెరిచి, ముద్ద కలుపుతూ, ఊరికే చూసింది. 'ఈ వారం ఎవరూ రాలేదు. గుడ్లగూబ వచ్చింది' అని ఉంది. వసుమతి చెయ్యి ముద్దలోనే ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆమె ఆ గడి వదల్లేదు. ఆ మనిషి పొడి అక్షరాల్లో రెండేసి మాటలు రాసేవాడు. పొయ్యి పొగ వస్తోందనేవాడు. ఎడమ మోకాలు నొప్పి అనేవాడు. 2004 పేజీలో రాసింది ఇది. 'తొమ్మిదో తేదీకే ఒడ్డు నల్లగా బయటపడింది. ఈ ఏడూ తొందరగానే.'

ఇంకేం కావాలి? మధ్యాహ్నం ఆమె మూడు పేజీలు తెరిచి పెట్టి విశ్వనాథ్‌ను పిలిచింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు. పాపం, మనిషి చెడ్డవాడు కాడు. తలకాయ గోక్కుని, తప్పు తనదేనని ఒప్పుకుని, పదిహేడూ ఆమె వైపు తిప్పుతానన్నాడు. చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం చాయ్ రెండోసారి తెప్పించుకుంది.

చాయ్ సగం తాగిందో లేదో, చెక్క అడ్డానికి అవతల నుంచి హైందవి లేచి నిలబడింది.

"ఇప్పుడు ఆ పదిహేడూ నాకు పడ్డాయి ఆంటీ," అంది. "నేను సొంత తెలివితో కొట్టానా? మొదటి రోజు మీరేగా నేర్పింది, కుట్టులో పోతే పై ఏడూ కింది ఏడూ చూసి కొట్టమని. మీరు పద్ధతి మార్చుకున్నప్పుడు నాకొక మాట చెప్పొచ్చుగా."

ఆ పిల్ల కూర్చుండిపోయింది. తర్వాత ఆరింటి దాకా ఆ అడ్డానికి అవతల నుంచి కీల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు.

*

బుధవారం నాంపల్లిలో నీళ్ళొచ్చే రోజు. రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి గంటసేపు వస్తాయి. వసుమతి ఐదున్నరకే లేచి పైపు తీసుకుని కిందికి దిగేసరికి, గల్లీ తడిసి ఉంది, కుళాయి బుసబుసమంటోంది. ఇంటి ఓనరమ్మ గడపలో కూర్చుని ఉంది. ఆమెను ఆ గల్లీ అంతా పెద్దమ్మ అనే పిలుస్తుంది.

"నాలుగింటికే వచ్చి పోయినయ్ బిడ్డా," అంది పెద్దమ్మ. "టైం మార్చిన్రంట. ఎవ్వరికి చెప్పలే. ఎవలు లేవలే, డ్రమ్ములు పెట్టలే. అన్ని మోరీల పాలైనయ్."

నీళ్ళు రాక కాదు. ఎప్పటికన్నా ఎక్కువే వచ్చాయట, గల్లీలో చీలమండ దాకా పారాయట. వేళ కాని వేళ వచ్చి, పట్టే పాత్ర లేక, మోరీ కాలువలోకి పోయాయి. మేనెల ఎండ ఏడింటికే చుర్రుమంటోంది. శుక్రవారం దాకా చుక్క లేదు. పెద్దమ్మ ఒక బిందె ఇచ్చి, మొహం కడుక్కుని పొమ్మంది. వసుమతి అడుగున మిగిలిన నీళ్ళతో బియ్యం కడిగి, ఆ కడుగు నీళ్ళు తులసికి పోసి, స్టేషన్ రోడ్డు పట్టుకుని నడిచింది.

నడుస్తుంటే ఆ మోరీ మాట ఆమెను వదల్లేదు. రెండు వారాలుగా ఆ మనిషి పుస్తకాల్లో ఏదో జరుగుతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఏమిటో పేరు పెట్టలేకపోయింది. ఆఫీసులో అందరూ వచ్చేలోపు ఆమె 1980 పేజీనీ 2010 పేజీనీ పక్కపక్కన తెరిచింది. వీళ్ళు గడికి గడి కొట్టుకుంటూ కిందికి పోతారు, ఏడాదిని అడ్డంగా ఎవరూ చదవరు. ఆమె ఆ రోజు అడ్డంగా చదివింది.

1980లో మంచు ఏప్రిల్ నెలాఖరు దాకా నేల మీద కూర్చుని ఉంది. మెల్లమెల్లగా కరిగింది. కరిగిన నీళ్ళు నేలలోకి దిగాయి, తడి గడిలో అంకె పెరిగింది. ఆ వేళకే చెట్లు చిగురేశాయి, తాగాయి. తాగగా మిగిలింది వేసవంతా వాగులోకి ఊరుతూ వచ్చింది. ఆగస్టులో వాగు మోకాలెత్తున ఉంది. ఆ అడవికి మంచే డ్రమ్ము.

2010లో చలికాలం మధ్యలోనే నాలుగుసార్లు వాన అని రాశాడు. మంచుగా పడి నిలవాల్సింది వానై పారిపోయింది. ఉన్న కాస్త మంచు ఏప్రిల్ మొదటి వారానికే కరిగింది. లోపల నేల ఇంకా గడ్డకట్టే ఉంది, నీళ్ళు దిగడానికి దారి లేదు. పైపైనే జారి వాగులో పడ్డాయి. వాగు ఆ నాలుగు రోజులు ఒడ్డు దాటి పొంగింది. అంతే, పోయాయి. చెట్లేమో వెచ్చదనానికి మోసపోయి పదిహేను రోజులు ముందే లేచి తాగడం మొదలుపెట్టాయి. ఆకుల్లోంచి ఎండ పీల్చేసుకుంది. జూన్‌లో నేల తడి సగం. జూలైలో ఆ సగంలో సగం. ఆగస్టు పేజీలో వాగు ఎత్తు దగ్గర సున్నా. పక్కన రాశాడు, 'బూట్లు తడవకుండా అవతలికి నడిచాను. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి. చెప్పడానికి ఎవరూ లేరు.'

వసుమతి ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. నీళ్ళు తగ్గలేదు, వేళ తప్పాయి. ఈ సంగతి ఆయనొక్కడే చూశాడు. రాశాడు. ఆ రాసింది ఇక్కడ, చెప్పుల షాపు మీద, తన చేతిలోంచి పోతోంది. తాను సరిగ్గా కొట్టింది కాబట్టి సరిపోయింది అని ఆమె తనను తాను మెచ్చుకుంది కూడా. మెచ్చుకోవడం ఎంతసేపు? ఒక పూట.

*

గురువారం ఆమె లెక్క సరిచూద్దామని మొదటి నుంచి ఆ చివరి పేజీలన్నీ తిరగేసింది. మంచు ఎప్పటి నుంచి ముందుకు జరిగిందో చూడాలని ఆశ. కంప్యూటర్‌లోని అంకెల ప్రకారం 2000 దాకా నిమ్మళంగా ఉంది. 28, 27, 26. ఉన్నట్టుండి, విశ్వనాథ్ మంగళవారం తిప్పిన గళ్ళు మొదలయ్యే 2001లో 9. మంచు ఒక్క ఏడాదిలో అట్లా గెంతుతుందా? ఆమెకు అనుమానమొచ్చి 1998 ఫొటో తెరిచింది.

ఏప్రిల్ పక్కన, కుట్టును ఆనుకుని, 8. కంప్యూటర్‌లో 28. గడి పచ్చగా ఉంది.

కుడి చివర చూసింది. 'ఎనిమిదికే మంచు లేదు. నా లెక్క తప్పేమో అని మూడుసార్లు వెళ్ళి చూసొచ్చాను.'

ఆ పేజీ కొట్టింది రెండున్నర నెలల క్రితం. అప్పటికి ఆమె కుడి చివరి గడి చదవడం లేదు. పై ఏడూ కింది ఏడూ చూసి 28 కొట్టింది. హైందవి, నేర్పిన పాఠం నేర్పినట్టే, తనూ 28 కొట్టింది. ఇద్దరిదీ ఒకటే గనుక గడి పచ్చబడింది. ఒక్కరు తప్పు చేస్తే ఆ పద్ధతి పట్టుకుంటుంది. ఇద్దరూ ఒకే తప్పు చేస్తే దాన్నే నిజమంటుంది.

ఆ పద్ధతి ఆమెకు రేషన్ కార్డులు కొట్టిన రోజుల్లో అబ్బింది. తండ్రి వయసు పద్నాలుగు, కొడుకు వయసు ముప్పై ఎనిమిది అని ఉంటే, పైనా కిందా చూసి సరిచేసేది. మనుషుల వయసులకు అది చెల్లింది. ఎన్నడూ లేనిది జరుగుతున్న చోట పై ఏడూ కింది ఏడూ చూస్తే ఏముంటుంది? కొత్తగా జరిగిందల్లా తప్పులాగే కనిపిస్తుంది. ఆమె దాన్ని ఎంత శ్రద్ధగా, ఎంత పేరు తెచ్చుకుంటూ చెరిపిందో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మూడుసార్లు చలిలో పడి నడిచి వెళ్ళి చూసొచ్చాడు మహానుభావుడు. ఈమె కుర్చీలోంచి లేవకుండా కొట్టిపారేసింది.

సాయంత్రానికి అట్లాంటివి తొమ్మిది దొరికాయి. తొమ్మిదీ పచ్చనివే.

ఆమె విశ్వనాథ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసి చెప్పింది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ పుస్తకాలు అవతలివాళ్ళకు పోయి రెండు నెలలైంది, అందరూ బాగుందన్నారు, పచ్చ గడిని తిరిగి తెరవడం ఈ ఆఫీసులో ఇంతవరకూ జరగలేదు. ఆయన ఇవన్నీ వేళ్ళ మీద చెప్పాడు.

"మీరు చెప్పకుంటే ఎవలకు తెల్వది మేడం. మొన్ననే మీ పదిహేడు తిప్పిన. నిమ్మళంగ ఉండున్రి."

"ఆయనకు తెలుసు గద సార్," అంది వసుమతి.

"ఎవలకు?"

ఆ మనిషి బతికున్నాడో లేడో ఆమెకే తెలియదు. 2016 నవంబరు దగ్గర రాత ఆగిపోయింది, ఆ పైన పేజీలన్నీ ఖాళీ. జవాబుకు బదులు ఆమె మోరీ సంగతి చెప్పింది. నాలుగింటికి వచ్చిన నీళ్ళ సంగతి, డ్రమ్ము సంగతి, వాగు సున్నా సంగతి చెప్పింది. ఈ తొమ్మిదీ ఇట్లాగే ఉంటే అక్కడి నీళ్ళు ఎప్పుడు వేళ తప్పడం మొదలుపెట్టాయో ఎవరికీ తెలియదని చెప్పింది. ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడ్డం విశ్వనాథ్ ఎప్పుడూ వినలేదు. ఆయన కాసేపు ఏసీ కింది బకెట్టును చూశాడు.

"తెరుస్తె మీ పేరు మీదనే తెరవాలె. తొమ్మిది తప్పులు మీకు పడ్తయ్. ఆ పిల్లకు గూడ పడ్తయ్, ఇద్దరు కొట్టిన్రు గద. ఇప్పటికే పదిహేడున్నయ్ దానికి."

అప్పుడు వసుమతి అసలు మాట అడిగింది. తప్పుల కాగితం అడుగున 'నేర్పినవారి లోపం' అని ఒక గడి ఉంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ నింపినట్టు ఆమె చూడలేదు. ఆ పద్ధతి ఆ పిల్లకు నేర్పింది తను. పదిహేడూ, తొమ్మిదీ, అన్నీ ఆ గడిలో తన పేరున రాయమంది.

విశ్వనాథ్ చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నాడు. రాస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. చివరికి రాశాడు. రాసి, ఇంకొకటి మిగిలిందన్నాడు. తెరిచిన గడిలో ఆమె ఒక్కతే కొడితే చెల్లదు. రెండో మనిషి కూడా ఫొటో చూసి, ఈమెది చూడకుండా కొట్టాలి. రెండూ ఒకటైతేనే కొత్త అంకె నిలుస్తుంది. లేకపోతే శుక్రవారం ఆరున్నరకు పాతదే నిలిచిపోతుంది. ఆ తర్వాత ఆ పుస్తకాలు మూసేస్తారు.

వసుమతి బయటికి వచ్చి హైందవి బల్ల దగ్గర నిలబడింది. తన పేరున రాయించిన సంగతి ముందు చెప్పింది, అది బేరంలా వినిపిస్తోందని చెప్తుండగానే తెలిసింది. తర్వాత ఆ తొమ్మిది గళ్ళ సంగతి చెప్పింది. కుడి చివర ఆయన రాసింది చూడమంది. రేపు ఒక్క గంట కావాలంది.

హైందవి బ్యాగులో పుస్తకాలు సర్దుకుంటోంది. తలెత్తలేదు.

"రేపు నాకు కోచింగ్‌లో టెస్టు ఉంది ఆంటీ, సాయంత్రం ఆరింటికి. నా పని నేను చేసుకుంటాను, నన్ను వదిలెయ్యండి," అంది.

అది న్యాయమే. వసుమతి ఇంకోసారి అడగలేదు. మెట్లు దిగి జీపీఓ ముందు నుంచి నడిచింది. షాపుల్లోంచి చల్లగాలి, రోడ్డు మీంచి వేడిగాలి మార్చి మార్చి కొడుతున్నాయి. జనం భుజాలు రాసుకుంటూ పోతున్నారు. నలభై రెండేళ్ళు ఒక మనిషి చెప్పడానికి ఎవరూ లేక కాగితానికి చెప్పుకున్నాడు. ఈమెకు కాగితం కూడా లేదు. ఇంత జనంలో నడుస్తూ ఒంటరిదాన్నని ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎవరూ చూడరని తెలిసి, నాంపల్లి స్టేషన్ దాకా ఏడుస్తూనే నడిచింది.

*

శుక్రవారం మధ్యాహ్నానికి లిస్టు పోయింది. సోమవారం నుంచి ఆమె సీట్లో సాయిసుధ అనే కొత్తమ్మాయి కూర్చుంటుందని విశ్వనాథ్ చెప్పాడు. చెప్పి వెంటనే వెళ్ళకుండా, ఫ్యాను ఎక్కువ పెట్టమంటారా అని అడిగాడు. ఆమె వద్దంది.

ఐదింటికి ఆమె తొమ్మిది గళ్ళూ తెరిచి, ఫొటోలు ఒకటొకటిగా పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది. 1998, ఏప్రిల్ 8. కొట్టగానే ఎర్రబడింది, అవతల వైపు ఇంకా పాత 28 ఉంది కాబట్టి. 1999, ఏప్రిల్ 7. ఎరుపు. వాగు పొంగిన రోజూ, చెట్లు చిగురేసిన రోజూ కొన్నేళ్ళకు తప్పుగా పడ్డాయి, అవి కొట్టింది. తొమ్మిదోది 2000. ఆ ఏడు ఏప్రిల్ దగ్గర కుట్టును ఆనుకుని 6 ఉంది. కుడి చివర ఆయన ఆ ఏడు మామూలుకు విరుద్ధంగా ఇరుకిరుకుగా ఆరు లైన్లు రాశాడు. 'ఆరు' అన్న మాట మొదటి లైనులోనే కనిపించింది. ఆమె ఏప్రిల్ 6 కొట్టింది. తొమ్మిదీ ఎర్రగా నిలబడ్డాయి.

ఆరుకు పది నిమిషాల ముందు కుర్చీలు వెనక్కి జరిగే చప్పుడు. డబ్బాల గలగల, బైక్ తాళాలు, పోయొస్తాం మేడం అన్న ఒకటి రెండు గొంతులు. హైందవి కూడా లేచింది. స్కార్ఫ్ మొహానికి చుట్టుకుంటూ అడ్డం పక్క నుంచి తలుపు వైపు పోయింది. వసుమతి చూడలేదు, చూస్తే అడిగినట్టుంటుందని. డ్రాయర్ లాగి తన సామాను తీసుకుంది. సామానేముంది, ఒక చెమ్చా, తలనొప్పి మందు, చలువ కళ్ళజోడు.

ఆఫీసు ఖాళీ అయింది. అద్దాల గదిలో విశ్వనాథ్ ఫోనులో ఎవరికో ఏదో నచ్చజెప్తున్నాడు. ఆరూ పది. వసుమతి తెర ముందు ఊరికే కూర్చుంది. అయిపోయింది అనుకుంది. తాను చెయ్యగలిగింది చేసింది అని మనసును సముదాయించబోయింది. మనసు ఒప్పుకోలేదు. చెయ్యగలిగింది రెండున్నర నెలల క్రితం చెయ్యాల్సింది.

అప్పుడు 1998 పచ్చబడింది.

ఆమె కళ్ళు నులుముకుని చూసింది. 28 లేదు, రెండు వైపులా 8. చెక్క అడ్డానికి అవతల కీలు నొక్కుతున్న చప్పుడు. ఎప్పుడు వెనక్కి వచ్చి కూర్చుందో ఆ పిల్ల! స్కార్ఫ్ విప్పలేదు, అడ్డం మీది నుంచి దాని అంచు కనిపిస్తోంది. వసుమతి లేవబోయి ఆగింది. మాట్లాడకూడదు. ఒకరిది ఒకరికి తెలియకూడదు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరను చూస్తూ ఉండిపోయింది.

1999 పచ్చబడడానికి చాలాసేపు పట్టింది. అంకె కొట్టడానికి అంతసేపు అక్కర్లేదు. ఏం చేస్తోందో ఈ పిల్ల! తర్వాతది ఇంకా ఆలస్యం. పరీక్ష వేళ ఎప్పుడో దాటిపోయింది. ఆరూ ఇరవై ఐదుకు ఎనిమిది గళ్ళు పచ్చగా ఉన్నాయి. తొమ్మిదోది, 2000ది, మిగిలింది. కీలు రెండు మూడుసార్లు చప్పుడై ఆగాయి.

గడి పచ్చబడలేదు. ఎర్రగానే ఉంది, కానీ పాత 26 అక్కడ లేదు. హైందవి కొట్టిన అంకె వచ్చింది. మార్చి 26.

మార్చా? వసుమతికి ముందు ఉడుకుమోత్తనం వచ్చింది. ఇంకా ఆ కుట్టునే పట్టుకు వేలాడుతోందా? ఏప్రిల్ అని అచ్చులో కనిపిస్తుంటే మార్చి ఎక్కణ్ణుంచి తెచ్చింది? ఫొటో పెద్దది చేసింది. ఏప్రిల్ అన్న అచ్చు అక్షరాల మీద సన్నగా, పెన్సిలుతో, వెంట్రుక లాంటి గీత ఒకటి అడ్డంగా పోయి ఉంది. ఆయన ఏప్రిల్‌ను కొట్టేశాడు. ఆమె గబగబా కుడి చివరికి పోయి ఆరు లైన్లూ చివరిదాకా చదివింది. మొదటి లైనులోని ఆరు, పొయ్యిలోకి మిగిలిన కట్టెల మోపులు. ఆఖరి లైను చాలా చిన్న అక్షరాల్లో ఉంది. 'మార్చి ఇంకా ఐదు రోజులుంది. ఒడ్డున మంచు లేదు. ఈ కాగితంలో ఏప్రిల్ తప్ప వేరే చోటు లేదు, కొట్టేసి రాశాను. చదివేవాళ్ళు నన్ను నమ్మాలి.'

ఐదు రోజులు. అంటే ఇరవై ఆరు. ఈ ఒక్క చోట రెండు నిజంగానే కుట్టులో పోయింది.

వసుమతి తొమ్మిదింటినీ ఒకే ఊపులో దిద్దింది. పాత పద్ధతి వదిలి ఇంకో పద్ధతి పట్టుకుంది, అంతే తేడా. ఆ పిల్ల ప్రతి మాటా చదివింది, చివరి అక్షరం దాకా. అందుకే అంతసేపు పట్టింది.

గడియారం ఆరూ ఇరవై తొమ్మిది చూపిస్తోంది. అవతల హైందవి కదలడం లేదు, కీ నొక్కడం లేదు. తన అంకె మార్చుకోనూ లేదు. వసుమతి 2000 ముందున్న తన ఏప్రిల్ 6 చెరిపేసి, హైందవి కొట్టిందే కొట్టింది.